సాంచా చెయ్యి

ఆ ఎండాకాలమంతా నేను మా ఇంటి గోడకున్న ఒక మేకును చూస్తూ గడిపాను. ఆ మేకుకు మా వాసుదేవ్ సంచి వేలాడుతుండేది. ఖాకీ గుడ్డ సంచి. అందులో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, సబ్బు పెట్టె, మార్కండేయుడి చిన్న పటం. మగ్గాల పనికి ఎక్కడో దూరాన ఉన్న భివండి పోవడానికి వాడు సర్దిపెట్టుకున్న సంచి అది. పొద్దున లేవగానే మొదట దాని వైపే చూసేదాన్ని. సంచి మేకుకుంటే కొడుకు ఇంట్లో ఉన్నట్టు.

తొంభై మూడో సంవత్సరం. మరాఠీ గడ్డ మీద స్థిరపడ్డ తెలుగు నేతవాళ్లం మేము. మా జోడ్‌భావి పేట్‌లో మరమగ్గాలు, అంటే మేము సాంచాలంటాం, వారంలో సగం రోజులు బంద్ ఉండేవి. మా ఆయన సిద్ధరాములు ముప్పై ఏళ్లుగా తువ్వాళ్ల సాంచాల మీద నిలబడ్డ మనిషి. ఆయనకే పని సరిగా లేదు, వాసుకు ఎవరిస్తారు? వాడి ఈడు పిల్లలు ఒక్కొక్కరే భివండి పోతున్నారు. నా తమ్ముడు రాములు కూడా ఒకప్పుడు అట్లాగే పోయాడు. సాంచాల మధ్య పడుకున్నవాడు కార్ఖానాకు నిప్పంటుకుంటే పొగలో చనిపోయాడు. మాకు వాడి బట్టల మూట ఒకటి చేరింది. భివండి అన్న మాట ఎవరన్నా నాకు ఆ మూట వాసనే వస్తుంది.

నాకు భయం ఎక్కువ. కొడుకు బడి నుంచి ఆలస్యంగా వస్తే బావి గుర్తుకొచ్చేది. వాన పడితే మిద్దె గుర్తుకొచ్చేది. బీడీలు చుడుతూ కూర్చుంటే చేతులు చేటలో ఉన్నా మనసు ఎక్కడెక్కడో తిరిగి చెడ్డ కబురు మోసుకొచ్చేది. "నువ్వు బీడీలు సుడ్తలేవు, భయాలు సుడ్తున్నవు," అని మా ఆయన నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున జొన్నరొట్టె తింటూ, పక్క ఊరు కుంభారిలో ఒక ట్రాక్టర్ ఉందని ఆయనే చెప్పాడు. ఏటా మా వాడకు జొన్నలు తెచ్చి అమ్మే యమునాబాయిది. ఆమె పెనిమిటి ఎన్నడో కొన్నది. ఆయన పోయిన నాటి నుంచి చింతచెట్టు కింద పడి ఉంది. పిల్లలు లేరు, ముట్టుకునేవాళ్లు లేరు. తీసుకుపొమ్మంటోంది. బదులుగా ఏటా వానలకు ముందు తన చెలక దున్నిపెడితే చాలంటోంది.

"నడుస్తదా అది?" అని అడిగాను.

"నిలవడ్డది. నడిపిస్తం. ఈ కరువుల నీళ్ల ట్యాంకర్ లాగినా కడుపు నిండుతది. పోరడు కండ్ల ముంగట ఉంటడు."

ఆ చివరి మాట నా కోసమే అన్నాడని నాకు తెలుసు. ఆ మాటకే నేను ఒప్పుకున్నాను. వాసు రొట్టె తినడం ఆపి, కాసేపు మేకు వైపు చూశాడు.

"మిరుగు దాకా సూస్త నాయినా," అన్నాడు. "మిరుగు వచ్చేటాల్లకు అది చాలూ అయి మన గల్లీలకు రావాలె. రాకపోతే నన్ను ఆపొద్దు."

తొలి వానల కార్తె అది. దానికి ఎంతో దూరం లేదు.

మొదటిసారి చూడడానికి నేను కూడా బస్సెక్కి పోయాను. వద్దన్నా పోయాను. కళ్లతో చూడకపోతే అది నా తలలో ఇంకా పెద్దదవుతుంది. చూశాక తేలికపడతాననుకున్నాను గానీ పడలేదు. ఎర్ర రంగు ఎక్కడో ఒకచోట తప్ప అంతా తుప్పు. పొగ గొట్టంలో కందిరీగలు. సీటు కింద కోడి గుడ్లు పెట్టుకుంది. వెనక చక్రాలు సగం మట్టిలో దిగి, వాటి చుట్టూ ముళ్లకంప లేచింది. మనిషి పోయాక మిగిలిన వస్తువు ఇంకో మనిషిని పిలుస్తుందని నాకో అనుమానం. యమునాబాయిని పక్కకు పిలిచి, మీ ఆయన దీని మీదే పోయాడా అని అడిగాను. ఆమె మరాఠీలో మెల్లగా చెప్పింది, కాదు, మంచంలో జ్వరంతో పోయాడని. తర్వాత కోడిని లేపి, గుడ్లు ఒక్కొక్కటే కొంగులో వేసుకుంది. వాటిని నాకే ఇచ్చి పంపింది.

మూతపడ్డ మిల్లులో ఫిట్టర్‌గా చేసిన పెంటప్పను మా ఆయన బతిమాలి తీసుకొచ్చాడు. పెంటప్ప ఇంజను చుట్టూ తిరిగి, హ్యాండిల్ పెట్టి తిప్పబోయాడు. వెంట్రుకంత కూడా కదల్లేదు. లోపలంతా పట్టేసిందని, కిరసనాయిలూ నూనే కలిపి పోసి ఓపిక పట్టాలని చెప్పాడు. ఇక అప్పటి నుంచి పని లేని రోజులన్నీ తండ్రీ కొడుకులు రొట్టెల మూట పట్టుకుని కుంభారి పోయేవారు. నల్లటి చేతులతో తిరిగొచ్చేవారు. బట్టల మీది ఆ నూనె మరకలు ఉతికితే పోయేవి కావు. నేను ఉతుకుతూనే ఉన్నాను.

వాసు మాట్లాడడం మొదలుపెట్టాడు. అంతకుముందు అన్నం పెట్టమ్మా, తలుపు వెయ్యమ్మా అనే రెండు మాటలు తప్ప వాడి నోట వచ్చేవి కావు. ఇప్పుడు నాజిలు అంటాడు, పంపు అంటాడు, గేరు ఒకసారి పడితే బయటికి రాదమ్మా ముసలోని మంకు పట్టు లెక్క అంటాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చేట పక్కన పెట్టి వినేదాన్ని. అయినా మేకు వైపు చూడడం మానలేదు.

ఎండలు ముదిరాయి. ఇంజను పట్టు వదల్లేదు. ఒకరోజు పెంటప్ప కూడా, ఇది ఇనుప సామాన్లోడికి అమ్ముకునేదే, అని వెళ్లిపోయాడట. ఆ మర్నాడు పొద్దున లేచి చూస్తే మేకుకు సంచి లేదు.

పక్కింటి చంద్రభాగకు కూడా చెప్పకుండా, కాళ్లకు చెప్పుల్లేకుండా బస్‌స్టాండుకు ఉరికాను. భివండి వైపు పోయే ప్రతి బస్సు కిటికీలోకి తొంగిచూశాను. ఎవరెవరి కొడుకులో కూర్చుని ఉన్నారు. ఒక కండక్టర్, ఎవరు కావాలి మావశీ అని అడిగితే పక్క బస్సు దగ్గరికి ఉరికాను. కాళ్లు కాలి, ఏడ్చి, ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సంచి ఉంది. వాసు అందులోంచి బట్టలు తీసి గూట్లో పెట్టి, స్పానర్లు, తీగచుట్ట, పీచు దూది నింపుతున్నాడు.

"కదిలిందమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే. "నిన్న పెంటప్ప పోయినంక నేను, నాయిన ఇద్దరం హ్యాండిల్ వట్టి ఏలాడినం. జెర కదిలింది. సామాన్లకు సంచి దొరకలే, గిదే తీసుకున్న."

వాడి బట్టలు గూట్లో ఉండడం చూసి నేను వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంతోషమే అది. కానీ నా సంతోషం ఎప్పుడూ అట్లాగే ఉంటుంది, గుండె దడలాగా.

ఇంజను మొదటిసారి చాలూ అయిన రోజు నేను అక్కడే ఉన్నాను. హ్యాండిల్‌తో కావడం లేదని, యమునాబాయి పాలివాళ్ల ఎద్దులు రెండు జతలు తెచ్చి ముందు కట్టారు. కదిలిందని తెలిసి మళ్లీ వచ్చిన పెంటప్ప గేరు వేసి కూర్చున్నాడు. ఎద్దులు లాగాయి, చక్రాలు మట్టిలోంచి లేచాయి, బండి చింతచెట్టు నీడ దాటింది. అంతలో గొట్టంలోంచి కందిరీగల గూడు ఎగిరి పడి, నల్లటి పొగ చిమ్మి, భూమి దద్దరిల్లింది. ఎద్దులు బెదిరి తాళ్లు తెంపుకుని చెరువు వైపు పరుగెత్తాయి. వాటి వెనక వాటి యజమాని తిట్టుకుంటూ పరుగెత్తాడు. వాసు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు అట్లా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో. యమునాబాయి నవ్వలేదు. పెనిమిటి గొంతు విన్నదానిలాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆ రోజే పెంటప్ప మా ఆయనకు బండి నేర్పించాడు. వాసుకు అప్పటికే అంతా వచ్చు. స్టీరింగు పక్కనున్న ఇనుప పిడి చూపించి పెంటప్ప చెప్పాడు.

"ఇగో సిద్ధరాములూ, గిది మీదికి అంటే నిమ్మలం, కిందికి అంటే జోరు. ఆపుడు మాత్రం కాలుతోటి. చేతితోటి కాదు."

"ముప్పై ఏండ్ల సంది చేతితోటే ఆపిన," అని మా ఆయన నవ్వాడు.

నిజమే. సద్ది మోసుకుపోయినప్పుడు నేను ఎన్నిసార్లు చూడలేదు? సాంచా నడుస్తుంటే ఆయన పక్క సాంచా మీదికి వంగి ఉండేవాడు, లేకుంటే నాతో మాట్లాడుతుండేవాడు. పోగు తెగిందంటే, కన్ను అటు తిరగకముందే చెయ్యి పోయి పిడిని అరచేత్తో కిందికి ఒక్క దెబ్బ కొట్టేది. సాంచా ఉన్నచోట నిలిచిపోయేది. సేటు కూడా మెచ్చుకునేవాడు, సిద్ధరాములు సాంచా మీద ఒక్క పోగు కూడా తప్పిపోదని.

ఇంటికి తెచ్చేరోజు దగ్గర పడేకొద్దీ నాకు నిద్ర పట్టలేదు. రోడ్డు మీద లారీలు, వాగు దగ్గర దిగుడు, సగమే పనిచేసే బ్రేకులు. వాసు దాని మీద కూర్చుంటాడు కదా, పడితే చక్రం కిందనే కదా. అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాను. కొడుకు మొహం చిన్నబోయింది. చివరికి మా ఆయనే తేల్చాడు.

"సరే, పోరన్ని ఎక్కనియ్య. నేనే కూసుంట. వాడు ముంగట నడిచి తొవ్వ సూపిస్తడు. ఇగ జెర బువ్వ తిను."

ఆ పూట కడుపునిండా తిన్నాను.

కుంభారి ఊరు దాటేవరకూ బండి తన కాళ్ల మీద తానే నడిచింది. తర్వాత నీళ్లు కారి ఇంజను వేడెక్కింది. సొప్ప మోసే లారీ ఒకటి దొరికితే దాని వెనక కట్టారు. తాడు మేమే పేనింది, సాంచాల కింద పడ్డ చిక్కు నూలుతో. నూలు తడిస్తే బలమెక్కువని మా ఆయన దాన్ని నీళ్లలో ముంచి కట్టాడు. దారి పొడవునా అది తెగుతుందని నేను లారీలో కూర్చుని వెనక్కే చూస్తూ ఉన్నాను. తెగలేదు. వాగు దగ్గర దిగుడులో బండి లారీని గుద్దుతుందనుకున్నాను. గుద్దలేదు. ఊరి సుంకం నాకా వచ్చేసరికి నా మెడ పట్టేసింది. అన్నీ దాటాం కదా అనుకున్నాను. నా బతుకులో ఆ మాట అనుకోవడం అదే మొదటిసారి.

లారీ మా గల్లీలోకి పట్టదు. మొగదల తాడు విప్పారు. నీళ్లు పోసి ఇంజను చల్లార్చారు. తోసుకుపోదామని నేనన్నాను. వాసు ఒప్పుకోలేదు, దాని చప్పుడుతోనే అది ఇంటికి రావాలన్నాడు. పది మంది కలిసి తోస్తే చాలూ అయింది. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. చంద్రభాగ పళ్లెంలో కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని మా ఇంటి ముందు నిలబడింది. వాసు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులతో రా రా అని పిలుస్తున్నాడు. చిన్నప్పుడు నేను వాడికి నడక నేర్పినప్పుడు అట్లాగే పిలిచేదాన్ని.

మా ఇంటికి ఇంకా నాలుగు గుమ్మాల ముందు కిష్టయ్య తాత పడుగు సాగదీసి ఉంది. గల్లీలో మిగిలిన ఒకే ఒక్క చేతిమగ్గం ఆయనది. గల్లీకి అడ్డంగా వెదురు కర్రల మీద తెల్లటి పోగులు పరిచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతున్నాడు. మా వాళ్లలో పడుగును ఎవరూ దాటరు. పెళ్లి ఊరేగింపు వచ్చినా ఆగుతుంది, శవం వచ్చినా ఆగుతుంది. పడుగు లేపి పక్కకు పెట్టేదాకా అందరూ ఆగవలసిందే.

మా ఆయన కూడా ఆపాడు. గేరు బయటికి రాదు కాబట్టి క్లచ్‌ను కాలితో తొక్కి పట్టుకున్నాడు. ఇంజను చప్పుడు చేస్తూనే ఉంది. తాతకు సాయంగా వాసు పోయి ఇటువైపు కర్ర ఎత్తడానికి వంగాడు. బండికి వీపు చూపించి వంగాడు. తాత గంజి ఆరలేదని ఏదో చెబుతున్నాడు. వాసు నవ్వుతున్నాడు.

అలసిన కాలు జారింది. బండి మెల్లగా కదిలింది. పరుగెత్తలేదు, మనిషి నడిచినంత కూడా కాదు. అంత మెల్లగానే పోయి దాని ముక్కు పడుగు అంచుకు ఆనింది. పటపటమని కొన్ని పోగులు తెగాయి.

ఆయన చూపు ఆ పోగుల మీదే ఉంది. ఆయన చెయ్యి పోయి పిడిని అరచేత్తో కిందికి ఒక్క దెబ్బ కొట్టింది.

బండి జోరుగా దూకి, కిష్టయ్య తాత ఇంటి అరుగుకు తగిలాక ఇంజను ఆగిపోయింది. ముందు నాకు తెల్లటి పోగులు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అవి ఎర్రబడడం కనిపించింది.

పెద్ద దవాఖానలో వాసు ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. అరుగుకూ చక్రానికీ మధ్య నలిగిన ఎముకలో మిగిల్చడానికి ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. ప్రాణం దక్కింది, సంతోషించమన్నాడు. వాడికి తెలివి వచ్చాక నన్ను అడిగిన మొదటి మాట పడుగు గురించే.

"మస్తు తెగిందా అమ్మా?"

"లేదు బిడ్డా. రొండు మూడు పోగులు గంతే," అన్నాను.

మా ఆయన దవాఖాన గేటు దాకా వచ్చేవాడు. లోపలికి రాలేకపోయేవాడు. గల్లీకి తిరిగిపోయి కిష్టయ్య తాత పడుగు ముందు కూర్చునేవాడు. మరక పడ్డ చోటు కోసేసి, కొత్త నూలు చేర్చి, తెగిన పోగు చివర వెతికి, దాని జత వెతికి, బూడిద అంటిన వేళ్లతో నులిమి అతికేవాడు. పోతే పోయింది, నీ కొడుకు దగ్గరికి పోరాదురా, అని తాత ఎంత చెప్పినా లేవలేదట. ఎవరు పలకరించినా తల ఎత్తలేదట. పడుగంతా అతికి, చేత్తో తడిమి చూసి, తాత మగ్గానికి ఎక్కించి వచ్చాడు. ఆ చేతులతో చేసిన అతుకు ఒక్కటి కూడా మళ్లీ తెగలేదని తాత తర్వాత నాతో చెప్పాడు. ఆ మాటను నేనేం చేసుకోవాలి.

వాసును ఇంటికి తెచ్చిన వారానికి మిరుగు వచ్చింది. తొలి వానలోనే యమునాబాయి బస్సు దిగి వచ్చింది. చెలక గురించి అడగడానికి వచ్చిందేమోనని భయపడ్డాను. అడగలేదు. ఎద్దులతో దున్నించుకున్నానని తనే చెప్పి, జొన్నల మూట గుమ్మంలో పెట్టింది. మంచం మీదున్న వాసును చూసి, వాడి తల నిమిరింది. తిరిగి పోయేటప్పుడు మా ఇంటి ముందు నిలిపిన బండి దగ్గర ఆగి, సీటు మీది వాన నీళ్లు కొంగుతో తుడిచింది. దాన్ని ఇనుప సామాన్లోడికి ఇచ్చెయ్యండి, నాకేమీ చెప్పకండి అంది.

ఆమె పోయాక వాసు, నన్ను బండి మీద కూసోబెట్టుర్రి అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అన్నాడు. నేను, చంద్రభాగ చెరో వైపు పట్టుకుని లేపాం. మా ఆయన మూల నుంచి లేచి వచ్చి, వాడిని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి సీటు మీద కూర్చోబెట్టాడు. అంతా జరిగాక ఆయన వాడిని ముట్టుకోవడం అదే మొదటిసారి. వాసు స్టీరింగు ఇటూ అటూ తిప్పాడు. క్లచ్ దగ్గరికి చేరడానికి వాడికి ఆ వైపు కాలు లేదు. ఇంజను ఎట్లాగూ చల్లగా ఉంది. అయినా వాడు తండ్రిని దగ్గరికి పిలిచి, ఆయన చెయ్యి పట్టుకుని పిడి మీద పెట్టాడు.

"ఇట్ల మీదికనాలె నాయినా. మీదికి. నువ్వు నేర్సుకో, మనం ట్యాంకర్ లాగుదం."

మా ఆయన పిడిని రెండుసార్లు మీదికి అన్నాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా చెయ్యి నా మాట ఇనదు బిడ్డా," అన్నాడు.

వాన పడుతూ ఉంది. వాసు స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు.

ఇనుప సామాన్లోడు వచ్చి బండిని ముక్కలుగా కోసుకుపోయాడు. మా ఆయన మళ్లీ సాంచా మీదికి పోయాడు, పోక ఎట్లా. పోగు తెగని సాంచా ఉండదు. సద్ది తీసుకుపోయి గుమ్మంలో నిలబడితే ఇప్పటికీ చూస్తాను. పోగు తెగుతుంది. కన్ను తిరగకముందే ఆయన చెయ్యి పోతుంది, పిడి మీద దెబ్బ పడుతుంది, సాంచా ఆగుతుంది. అప్పుడు ఆయన ఆ చేతిని చూసుకుంటూ కాసేపు నిలబడతాడు. తర్వాత పోగు అతికి మళ్లీ నడిపిస్తాడు.

వాసు ఇంట్లోనే ఉంటాడు. నా పక్కన కూర్చుని బీడీలకు దారం కడతాడు. ఖాకీ సంచిలోంచి స్పానర్లు తీసి పెంటప్పకు ఇచ్చేశాక, దాన్ని నేనే ఉతికి మేకుకు తగిలించాను. నూనె మరకలు పోలేదు. పొద్దున లేచి ఇప్పుడు దాని వైపు చూడను. కొడుకు ఎక్కడికీ పోడు.